ప్రైవేటు దారి వేశానన్నాను, తొమ్మిది రోజులు లారీ పాత రోడ్డు మీదే నడిచింది

శ్రీకాకుళం, నరసన్నపేట, టెక్కలి, పలాసల్లో మా దగ్గర కంప్యూటర్ బ్యాకప్ పెట్టించుకున్న ఇరవై ముగ్గురికీ నమస్కారం.

మీ లెక్కల ఫైళ్లు ఇకపై బహిరంగ ఇంటర్నెట్ మీద కాకుండా ప్రైవేటు దారిలో క్లౌడ్‌కు వెళ్తాయని, పని పూర్తయిందని పోయిన నెలలో మీ అందరికీ ఫోను చేసి చెప్పాను. పూర్తి కాలేదు. ఆ తర్వాత తొమ్మిది రోజులు మీ ఫైళ్లు పాత దారిలోనే వెళ్లాయి. తప్పు నాది.

మొదట మీరు అడగబోయేది చెబుతాను. ఆ తొమ్మిది రోజులూ దారిలో ఎవరైనా పట్టుకున్నా చదవగలిగే స్థితిలో ఆ ఫైళ్లు లేవు. మనం వాడే క్లౌడ్ మైక్రోసాఫ్ట్ వారి అజ్యూర్. మీ కంప్యూటర్‌లో పెట్టిన దాని బ్యాకప్ ప్రోగ్రాము, అంటే ఏజెంటు, ఫైలు మీ కంప్యూటర్ దాటకముందే దానికి తాళం వేస్తుంది. ఆ తాళానికి కనీసం 16 అక్షరాల రహస్య పదం మీ ఎదుటే పెట్టించాను, కాగితం మీద రాసి కవరులో మీ చేతికిచ్చాను. అది పోతే తిరిగి ఇవ్వడం మైక్రోసాఫ్ట్ వల్ల కూడా కాదు. ఆ కవరు ఇంకా బీరువాలోనే ఉందా, ఒకసారి చూసుకోండి.

మరి తాళం ఉండగా ప్రైవేటు దారి ఎందుకు? క్లౌడ్‌లో మన ఫైళ్లుండే ఖజానాకు ఇంటర్నెట్ వైపు ఒక తలుపు ఉంటుంది. తాళంచెవి లేనివాడు లోపలికి రాలేడు, నిజమే. కానీ ఎక్కడి నుంచైనా వచ్చి తలుపు తట్టగలడు. ప్రైవేటు ఎండ్‌పాయింట్ పెడితే ఆ ఖజానాకు మన సొంత నెట్‌వర్క్ లోపల, 10తో మొదలయ్యే చిరునామా వస్తుంది. అది బయటి ఇంటర్నెట్‌కు కనిపించదు. మీ దుకాణం నుంచి మా ఆఫీసుకు ఒక వీపీఎన్ సొరంగం, అంటే లోపల ఏం పోతోందో బయటివారికి కనిపించని దారి, మా ఆఫీసు నుంచి క్లౌడ్‌కు ఇంకొకటి. ఆ తర్వాత వీధి తలుపు మూసేయవచ్చు.

ఇదంతా రెండు రోజుల పని అన్నాను. మూడు వారాలు పట్టింది. అప్పటికే సరుకు పెట్టిన ఖజానాకు ప్రైవేటు ఎండ్‌పాయింట్ పెట్టడం కుదరదు, ఖాళీగా ఉన్న కొత్త ఖజానాకే పెట్టాలి. ఆ నియమం వాళ్ల పత్రాల్లో స్పష్టంగానే ఉంది, నేనే మీకు మాట ఇచ్చాక చదివాను. కాబట్టి అందరికీ మొదటి నుంచి పూర్తి బ్యాకప్. నరసన్నపేట దగ్గరి రైస్ మిల్లుకు 180 జీబీ ఉంది. పైకి పంపే వేగం 20 ఎంబీపీఎస్. ఆగకుండా నడిస్తే 20 గంటలు. పగలు బిల్లింగ్‌కు అడ్డు రాకుండా రాత్రి పది నుంచి ఉదయం ఆరు వరకే నడపాలి, అంటే మూడు రాత్రులు. ఇలాంటివి ఇరవై మూడు. పాత ఖజానాలో ఉన్నదాన్ని మాత్రం ఇంకా తీయలేదు, మరో రెండు నెలలు ఉంచుతాను.

ఇక అసలు పొరపాటు. కంప్యూటర్‌కు ఖజానా పేరే తెలుసు, చిరునామా తెలియదు. ప్రతిసారీ డీఎన్ఎస్‌ను, అంటే పేరు చెబితే చిరునామా చెప్పే పట్టికను, అడిగి తెలుసుకుంటుంది. ఈ బ్యాకప్‌కు మూడు రకాల పేర్లు కావాలి: సేవతో మాట్లాడడానికి ఒకటి, ఫైళ్లు దింపే గోదాముకు ఒకటి, కబుర్ల వరుసకు ఒకటి. మూడింటికీ ప్రైవేటు చిరునామా చెప్పేలా మా ఆఫీసులో అమర్చాలి. నేను మొదటిదాన్ని అమర్చి, అది పలకగానే సంబరపడిపోయి ఆపేశాను. దాంతో గుమస్తా లోపలి దారిలో వెళ్లి ‘సరుకు వస్తోంది’ అని చెబుతున్నాడు, బస్తాల లారీ మాత్రం జాతీయ రహదారి మీదే పోతోంది. బ్యాకప్ ఆగి ఉంటే ఆ రోజే తెలిసేది. ఆగలేదు, రోజూ ఉదయం పచ్చ టిక్కు కనిపించింది.

బయటపడింది పలాసలో, ఒక జీడిపప్పు ఫ్యాక్టరీలో. వేరే పని మీద వెళ్లాను. పిక్కలు కాల్చిన వాసన, వేలికి అంటుకునే కీబోర్డు, పక్కన బస్తాల మీద నిద్రపోతున్న పిల్లి. మాటల మధ్య రౌటర్ తెరిచి సొరంగం లెక్క చూశాను. ముందు రాత్రి బ్యాకప్ 6 జీబీ అని ఏజెంటు చెబుతోంది. సొరంగంలో నడిచింది 40 ఎంబీ కూడా లేదు. నల్ల తెర తెరిచి, ఏ పేరుకు ఏ చిరునామా వస్తోందో చూపే ఎన్ఎస్‌లుకప్ ఆదేశం కొట్టాను. మొదటి పేరుకు 10తో మొదలయ్యే చిరునామా వచ్చింది. గోదాము పేరు కొట్టాను. వచ్చింది బయటి చిరునామా. మళ్లీ కొట్టాను, అదే. ఆ ఫ్యాక్టరీ యజమానికి మా నాన్న వయసుంటుంది. నా ముఖం చూసి విషయం అడిగారు, చెప్పాను. ‘ఏమి బాబూ, దారి వేశానని డబ్బులు తీసుకున్నావు, బండి పాత రోడ్డు మీదే పోతోందా?’ అన్నారు. టీ తాగి వెళ్లమన్నారు గానీ గొంతు దిగలేదు.

సరిచేయడానికి నలభై నిమిషాలు పట్టింది. ఈసారి టిక్కును నమ్మలేదు. ఇరవై మూడు చోట్లా మూడు పేర్లూ కొట్టి చూశాను, మర్నాడు సొరంగం లెక్కను బ్యాకప్ లెక్కతో సరిపోల్చాను, అప్పుడే వీధి తలుపు మూశాను.

టెక్కలిలో ఒక దుకాణం, నరసన్నపేటలో ఒక దుకాణం రెండింటి లోపలి చిరునామాలూ 192.168.1తోనే మొదలయ్యాయి, రౌటర్ పెట్టెలోంచి తీసినప్పుడు ఉన్నవే. ఒకే చిరునామాలున్న రెండు ఇళ్లకు ఒకే సొరంగాల వరుసలో చోటు ఉండదు. నరసన్నపేటలో మార్చాను, బిల్లు ప్రింటర్ సంగతి మరిచాను. పెళ్లిళ్ల రోజుల్లో, గుంపు నిలబడి ఉండగా, పదకొండు గంటల దాకా చేత్తో బిల్లులు రాశారు. వారికి ఈ నెల బిల్లు లేదు. తొమ్మిది రోజుల లెక్క చూసి మిగతా వారందరికీ కూడా మూడో వంతు తగ్గిస్తున్నాను.

ఈ ఏర్పాటులో రెండు లోపాలు ఇప్పటికీ ఉన్నాయి. దారి మా ఆఫీసు మీదుగా పోతుంది కాబట్టి మా ఆఫీసులో కరెంటు పోతే ఆ రాత్రి ఎవరి బ్యాకప్పూ వెళ్లదు. 2018 అక్టోబరు 11న తిత్లీ తుపాను పలాస దగ్గర తీరం దాటినప్పుడు కరెంటు లేక ఎన్ని రోజులు గడిపామో మీకు చెప్పాలా? అలాంటప్పుడు వీధి తలుపు మూసి ఉంటే మన ఫైళ్లు మనమే తీసుకోలేం. అందుకని నా ల్యాప్‌టాప్ నుంచి నేరుగా క్లౌడ్ నెట్‌వర్క్‌లోకి వెళ్లే విడి వీపీఎన్ ఒకటి పెట్టాను. విశాఖలో కూర్చుని ఒక క్లినిక్ ఫైలు దింపి చూశాను, వచ్చింది.

రెండోది, మీ కంప్యూటర్‌లోకే వైరస్ వస్తే ఈ దారి ఆపదు, పాడైన ఫైలును కూడా అంతే భద్రంగా చేరవేస్తుంది. అప్పుడు పనికొచ్చేది పాత తేదీల కాపీలే. ముప్పై రోజులవి ఉంచుతున్నాం, మునుపటిలాగే.

కొత్త చట్టానికి ఇది తప్పనిసరా అని ఇద్దరు డాక్టర్లు అడిగారు. 2023 నాటి డిజిటల్ వ్యక్తిగత డేటా పరిరక్షణ చట్టం రోగుల వివరాలను జాగ్రత్తగా కాపాడమంటుంది, ఫలానా దారిలోనే పంపమని అనదు. తప్పనిసరి అని చెప్పి అమ్ముకోవడం నాకు ఇష్టం లేదు.

వచ్చే నెల నుంచి రుసుము నెలకు 200 రూపాయలు పెరుగుతుంది. ఎండ్‌పాయింట్ ఖర్చు చిన్నదే, సొరంగానికి క్లౌడ్ వైపు ఉండే ద్వారం, అంటే వీపీఎన్ గేట్‌వే, వాడినా వాడకపోయినా గంటల లెక్కన డబ్బు తింటుంది. వద్దనుకుంటే ఒక్క మాట చెప్పండి, మిమ్మల్ని పాత పద్ధతిలోనే ఉంచుతాను, తాళం ఎలాగూ ఉంటుంది. టెక్కలి వారి దగ్గరకు ఆదివారం వస్తున్నాను. ఈసారి ముందుగా ప్రింటర్ చూస్తాను.