రిపోర్టులో 14 అన్నావు కదా

చిన్నీ,

రాత్రి ఫోన్‌లో నీకు సరిగ్గా చెప్పలేకపోయాను. అందుకే రాస్తున్నాను.

డి విటమిన్ 14 వచ్చిందన్నావు, దానివల్లే కడుపుతో ఉన్న నీకు షుగర్ వస్తుందేమోనని, అదంతా నీ తప్పేనని బెంగపడ్డావు. 20 కన్నా తగ్గితే లోపం కిందే లెక్క, నిజమే. డి తక్కువున్న గర్భిణుల్లో షుగర్ ఎక్కువగా కనిపిస్తోందన్నదీ నిజమే. కానీ కలిసి కనిపించడం వేరు, దానివల్లే రావడం వేరు. ఒళ్ళు ఎక్కువున్నవాళ్ళకి రక్తంలో డి తగ్గుతుంది, షుగర్ వచ్చే అవకాశమూ వాళ్ళకే ఎక్కువ. గర్భంలో షుగర్ వెనక ముందుగా చెప్పుకోవలసింది మాయ (ప్లాసెంటా) సంగతి. బిడ్డకి గ్లూకోజ్ అందాలని అది వదిలే హార్మోన్లు తల్లి ఒంట్లో ఇన్సులిన్‌ని సరిగా పనిచేయనివ్వవు. ఆ లోటు పూడ్చేంత ఇన్సులిన్ తయారవకపోతే షుగర్ పెరుగుతుంది. ఇందులో నీ తప్పేముందే?

నువ్వు బి12 విటమిన్ ఊసే ఎత్తలేదు. పుణె దగ్గర పల్లెల్లో తల్లుల్నీ పిల్లల్నీ ఏళ్ళ తరబడి గమనించిన పరిశోధకులు 2008లో ఒక సంగతి చెప్పారు. గర్భంలో బి12 తక్కువగా, ఫోలేట్ (ఫోలిక్ యాసిడ్ మాత్రతో అందేది అదే) ఎక్కువగా ఉన్న తల్లుల పిల్లలకి ఆరేళ్ళప్పుడు ఇన్సులిన్ నిరోధకత, అంటే ఇన్సులిన్ ఒంట్లో సరిగా పనిచేయకపోవడం, ఎక్కువగా ఉందట. అలాగని ఫోలిక్ యాసిడ్ మానేసేవు! బిడ్డ వెన్నుకి అది కావాల్సిందే. బి12 కూడా చూడమని డాక్టర్‌ని అడుగు, అంతే.

డి మాత్రలు తొందరపడి రెండింతలు మింగకు. అది ఒంట్లోనే పేరుకునే రకం, మితిమీరితే రక్తంలో కాల్షియం పెరుగుతుంది. మాత్ర వేసుకుంటున్నా కదా అని 24-28 వారాల్లో చేసే గ్లూకోజ్ పరీక్ష ఎగ్గొట్టకు. పరగడుపున 92, గంటకి 180, రెండు గంటలకి 153. వీటిలో ఏ ఒక్కటి వచ్చినా, దాటినా షుగర్ ఉన్నట్టే.

ఇంకోటి. నీకింతవరకూ చెప్పలేదు. నువ్వు కడుపులో ఉన్నప్పుడు నాకూ షుగర్ వచ్చింది. కాన్పయ్యాక పోయిందన్నారు, నేనూ మర్చిపోయాను. ఆరు నుంచి పన్నెండు వారాల్లోపు మళ్ళీ చూపించుకోవాలని, ఆ తర్వాతా చూసుకుంటూ ఉండాలని ఎవరూ చెప్పలేదు. కళ్ళు మసకబారాక గానీ నా షుగర్ సంగతి బయటపడలేదు. నీకు చెబితే భయపడతావనుకున్నాను. మీ డాక్టర్‌కి ఆ 14 కన్నా ముందు ఇది చెప్పు. అమ్మకి షుగర్ ఉందంటే పరీక్ష ఇప్పుడే చేయమంటారేమో. ఏమన్నారో సాయంత్రం ఫోన్ చెయ్యి.

అమ్మ