డ్రమ్మర్ పేరు లేని వ్యాసం

సంపాదకులకు నమస్కారాలు.

గత ఆదివారం అనుబంధంలో మాంచెస్టర్ బ్యాండ్ ‘ఏ సర్టెన్ రేషియో’ గురించి వచ్చిన వ్యాసం రెండుసార్లు చదివాను. ఆ పేరును తెలుగు అచ్చులో చూడగలిగినందుకు చాలా సంతోషించాను. అయితే, ఆ బృందం క్లబ్బుల్లో వచ్చే డబ్బుకు ఆశపడి పంక్ అనే మొరటు, వేగవంతమైన రాక్ తీవ్రతను వదులుకుందని, పలచబడిన ఫంక్‌లోకి, అంటే లయే ప్రధానమైన అమెరికన్ నృత్య సంగీతంలోకి, జారిపోయిందని వ్యాసకర్త ఇచ్చిన తీర్పును మాత్రం ఒప్పుకోలేకపోతున్నాను.

ముందుగా కాలక్రమమే ఆ తీర్పుకు అడ్డు వస్తుంది. 1977లో మొదలైన ఈ బృందానికి తొలినాళ్లలో డ్రమ్మరే లేడు. 1979లో ఫ్యాక్టరీ రికార్డ్స్ అనే రికార్డింగ్ సంస్థ విడుదల చేసిన వారి మొదటి సింగిల్ ‘ఆల్ నైట్ పార్టీ’ డ్రమ్ములు లేకుండానే నడుస్తుంది. అదే ఏడాది డోనల్డ్ జాన్సన్ వచ్చి చేరాడు. అమెరికన్ ఫంక్ బాగా వంటబట్టిన అతని చేతులు పడిన తర్వాతనే మిగతావారి బేస్ గిటార్‌కు, గిటార్‌కు ఒక నడక ఏర్పడింది. బాన్‌బారా అనే అమెరికన్ బృందం పాట ‘షాక్ అప్’ను వీళ్లు తమ ధోరణిలో రికార్డు చేసి విడుదల చేసింది 1980లో. ఫ్యాక్టరీ వారి సొంత క్లబ్బు హాసియెండా మాంచెస్టర్‌లో తలుపులు తెరిచింది 1982 మే 21న. క్లబ్బు పుట్టకముందే వచ్చిన మార్పుకు ఆ క్లబ్బు డబ్బును కారణంగా చూపడం ఎలా కుదురుతుంది? వ్యాసం పొడవునా గాయకుల పేర్లు, నిర్మాత మార్టిన్ హానెట్ పేరు ఉన్నాయి గానీ, ఈ మలుపుకు మూలమైన జాన్సన్ పేరు ఒక్కచోట కూడా లేదు.

1980లో న్యూయార్క్‌లోని హుర్రా క్లబ్బులో ఏ సర్టెన్ రేషియో ప్రదర్శనకు ముందు వాయించిన ఈ.ఎస్.జి. బృందం ప్రస్తావన కూడా ఉండవలసింది. సౌత్ బ్రాంక్స్‌కు చెందిన స్క్రాగిన్స్ అక్కాచెల్లెళ్ల బృందం అది. పిల్లలు వీధుల వెంట పడి చెడిపోకూడదని తల్లి కొనిచ్చిన వాద్యాలతో వాళ్లు మొదలుపెట్టారు. బేస్, డ్రమ్ములు, చేత్తో వాయించే కాంగా డ్రమ్ములు, గొంతు, వీటికి మించి వాళ్ల పాటలో దాదాపు ఏమీ ఉండదు. హానెట్ రికార్డు చేసిన వారి పాటలను 1981లో ఫ్యాక్టరీయే విడుదల చేసింది.

ఇక పలచబడటం అన్న మాట. ఐనవోలు మల్లన్న జాతరలో ఒగ్గు డోలు విన్నవారికి ఈ విషయం నేను విడమరచి చెప్పనక్కరలేదు. ఒకే దరువును చాలాసేపు పట్టి ఉంచి, అందులో ఒక్క దెబ్బను కాస్త ముందుకో వెనక్కో జరిపితే చాలు, గుంపు మొత్తం అడుగు మారుస్తుంది. డప్పులో చిర్ర అనే లావు పుల్ల దెబ్బ దూరానికి వినబడుతుంది. సిటికెన పుల్ల అనే సన్న పుల్ల చేసే పని దగ్గర నిలబడి చెవి పెడితేనే తెలుస్తుంది. 1982 జనవరిలో వచ్చిన ‘సెక్స్‌టెట్’ ఆల్బంలో జాన్సన్ స్నేర్ డ్రమ్ము మీద మెల్లగా వేసే చిన్న దెబ్బలు అచ్చం ఆ సిటికెన పుల్ల పనే చేస్తాయి. బేస్ ఒకే పలుకును మళ్లీ మళ్లీ అంటూ ఉంటే, గిటార్ ఎప్పుడో ఒకసారి గీరి తప్పుకుంటుంది, మార్తా టిల్సన్ గొంతు దూరం నుంచి వచ్చినట్టు ఉంటుంది. ఇంత ఖాళీ ఉన్న పాటలో తప్పు చేస్తే దాచుకోవడానికి చోటుండదు కనుక, తక్కువ వాయించడానికే ఇక్కడ ఎక్కువ నేర్పు కావాలి. 1986లో హన్మకొండలో, హాస్టల్ గదిలో, ఒక మిత్రుడి క్యాసెట్లో దీన్ని మొదటిసారి విన్నప్పుడు నాకు మాటలు ఒక్కటీ అర్థం కాలేదు, కాలు మాత్రం ఆగలేదు.

వ్యాసకర్తతో ఏకీభవించే చోటు కూడా ఒకటుంది. 1982 చివర్లో వచ్చిన ‘ఐ’డ్ లైక్ టు సీ యూ అగైన్’లో ఆ బిగువు కొంత సడలింది. ఆ ఒక్క ఆల్బంను పట్టుకొని అంతకు ముందరి మూడేళ్ల పనిని కొట్టిపారేయడమే నాకు బాధ కలిగించింది.

వీలైతే వచ్చే వారం డోనల్డ్ జాన్సన్ పేరుతో ఒక చిన్న సవరణ ప్రచురించగలరు. దానితోపాటు, మన జిల్లాల డోలు, డప్పు కళాకారులలో ఒకరిని మీ విలేకరి కలిసి, ఒక దరువును అంతసేపు ఎలా నిలుపుతారో అడిగి వారి మాటల్లోనే రాయిస్తే, ఆ పేజీని నేను కత్తిరించి దాచుకుంటాను.

ఇట్లు,
ఒక విశ్రాంత అధ్యాపకుడు,
హన్మకొండ