గుండె చూశారు, నడక అడగలేదు

సంపాదకులకు నమస్కారం.

మాది మర్రిగూడ మండలం. మొన్న చలికాలంలో మా అమ్మకు గుండెపోటు వచ్చింది, 78 ఏళ్ళ మనిషి. ఛాతిలో నొప్పి అనలేదు, "పానం ఒకతీరు అయితున్నది కొడుకా" అన్నది, ఒళ్ళంతా చెమట, రెండుసార్లు వాంతి. ఊళ్ళో ఆర్‌ఎంపీ గ్యాస్ అని సూదేసి పంపాడు. పొద్దటికి కూడా ఆయాసం ఆగకపోతే హైదరాబాద్‌కు ఉరికాం. ముసలివాళ్ళకు గుండెపోటు చాలాసార్లు ఇట్లనే నొప్పి లేకుండా వస్తుందని తర్వాత తెలిసింది, కానీ నేను రాస్తున్నది దాని గురించి కాదు.

అక్కడ స్టెంట్ (గుండె రక్తనాళం తెరిచి ఉంచే చిన్న జాలీ గొట్టం) వేశారు. బాగానే వేశారు, దాని మీద నాకు ఏ ఫిర్యాదూ లేదు. ఈసీజీ, ఎకో, షుగర్, కిడ్నీల పనితీరు చెప్పే క్రియాటినిన్ అన్నీ చూశారు. కానీ ఈమె పోయిన నెల దాకా ఎట్లా నడిచేది, ఎంత తినేది, తన పని తను చేసుకునేదా అని ఒక్కరూ అడగలేదు. అడిగితే చెప్పేవాళ్ళం. దసరా నుంచి చేతి గాజులు మోచేతి దాకా జారుతున్నాయి, తడిచీర పిండలేక పక్కింటి పిల్లను పిలిచేది, కిరాణా కొట్టుకు పోతే మధ్యలో వేపచెట్టు అరుగు మీద రెండుసార్లు కూర్చుని లేచేది. మేం వయసు అనుకున్నాం, పైగా మా నీళ్ళలోని ఫ్లోరైడ్‌తో పాడైన కాళ్ళాయె. మా దిక్కు ముసలిమనిషి నడక మందగిస్తే ఎవరికీ అనుమానం రాదు, అన్నిటికీ నీళ్ళనే తిడతాం.

మా తమ్ముని బిడ్డ ఫిజియోథెరపీ చదువుతున్నది. "ఒంట్లో సత్తువ ఇట్లా తరిగిపోవడాన్ని ఫ్రెయిల్టీ అంటారు పెద్దనాయినా" అని ఆ పిల్లే విడమర్చి చెప్పింది. 2001లో అమెరికా డాక్టర్లు దీనికి అయిదు గుర్తులు పెట్టారట: కావాలని తగ్గించుకోకుండానే ఏడాదిలో నాలుగున్నర కిలోలు తగ్గడం, పిడికిట్లో పట్టు పోవడం, ఊరికే అలసిపోవడం, నడక మెల్లబడటం, కదలడమే తగ్గిపోవడం. మూడు కనబడితే చాలు, ఉన్నట్టే లెక్క. చీర పిండలేకపోవడమంటే పట్టు పోవడమే కదా! వింటుంటే నాకు తల కొట్టేసినట్టయింది.

ఇట్లాంటి ఒంట్లో సత్తువ నిల్వ ఉండదు, చిన్న దెబ్బకే కూలబడుతుంది. రక్తం పలచబడే మందులతో రక్తస్రావం భయం వీళ్ళకే ఎక్కువ, పడిపోయే భయమూ ఎక్కువే. మా అమ్మ ఐసీయూలో నాలుగు రోజులు, వార్డులో ఆరు రోజులు మంచం దిగలేదు. లేవబోతే "వద్దమ్మా పడతావ్" అనేవాళ్ళు, నర్సులనూ అనలేం, ఒక్కొక్కరికి ఎన్ని మంచాలో చూశాను. ఏ రోగం లేని ముసలివాళ్ళను పది రోజులు మంచం మీద ఉంచి చూస్తేనే కాళ్ళలో దాదాపు కిలో కండ పోయిందని 2007లో అమెరికా పరిశోధకులు రాశారు, ఇక మా అమ్మ సంగతి చెప్పేదేముంది. ఇంటికొచ్చాక నులకమంచం మీంచి లేవలేకపోయింది. పథ్యం పేరుతో పప్పు, గుడ్డు మానిపించి నెల రోజులు గంజి పోసింది మేమే, ఆ తప్పు మాదే. తర్వాత బాత్రూం గడప దగ్గర పడింది.

ముసలివాళ్ళకు స్టెంట్ వద్దని నేననడం లేదు. రక్తనాళం పూర్తిగా మూసుకుపోతే ఆలస్యం చేయకూడదు. పూర్తిగా మూసుకోని రకం గుండెపోటులో మాత్రం ఆలోచించుకునే వీలుంటుందట. 75 ఏళ్ళు నిండిన 1,518 మందితో బ్రిటన్‌లో జరిగిన సీనియర్ రీటా ట్రయల్ ఫలితాలు 2024లో వచ్చాయి. మందులతోపాటు యాంజియోగ్రామ్ (రక్తనాళాల్లో అడ్డంకులు చూసే పరీక్ష), అవసరమైతే స్టెంట్ వేసినవాళ్ళకూ, మందులతోనే నెట్టుకొచ్చినవాళ్ళకూ గుండె మరణాలు, మళ్ళీ వచ్చిన గుండెపోట్లు కలిపి చూస్తే చెప్పుకోదగ్గ తేడా రాలేదు, కాకపోతే ప్రాణం తీయని గుండెపోట్లు మొదటివాళ్ళలో తగ్గాయి. మరి ఎవరికి ఏది అన్నది రిపోర్టులు ఒక్కటే చెప్పవు, మనిషి సత్తువ కూడా చూడాలి.

ఇప్పుడు నల్లగొండ, సూర్యాపేట, మహబూబ్‌నగర్‌లో ప్రభుత్వ మెడికల్ కాలేజీలే ఉన్నాయి. గుండె జబ్బుతో వచ్చిన ముసలివాళ్ళను చేర్చుకునేటప్పుడే "మూడు నెలల కింద ఎట్లుండె, ఇప్పుడెట్లున్నది" అని ఇంటివాళ్ళను అడిగి కేస్‌షీట్‌లో రాయమనండి. ఒట్టి నడక వేగం కొలిస్తే మా దగ్గర కుదరదు, ఫ్లోరైడ్ మోకాళ్ళతో అందరూ తప్పుతారు. డాక్టర్ సరేనన్న రోజే ఫిజియోథెరపిస్టు వచ్చి మంచం మీంచి దించాలి, కుర్చీలో కూర్చోబెట్టి లేపాలి. మా అమ్మకు ఇదంతా మా తమ్ముని బిడ్డ ఇంట్లోనే చేయించింది, రెండు నెలలు పట్టింది, ఇప్పుడు కర్ర పట్టుకుని వేపచెట్టు దాకా పోయి వస్తున్నది.

ఆమె డిశ్చార్జి కాగితం ఇంకా నా దగ్గరే ఉంది. పదకొండు గోలీలు, ఏది తినకముందో ఏది తిన్నాకో అన్నీ రాశారు. ఎట్లా లేపాలి, ఎంత నడిపించాలి అని ఒక్క లైను లేదు.

- ఒక పాఠకుడు, మర్రిగూడ మండలం, నల్లగొండ జిల్లా