పరీక్షకు ముందే చెప్పండి

సంపాదకుల వారికి,

ఒడిశాలోని మా పర్లాకిమిడి చుట్టుపక్కల తెలుగువాళ్లకి డాక్టరు ఏ పెద్ద పరీక్ష రాసినా ఇటు బరంపురమో, అటు శ్రీకాకుళం, విశాఖో పోవాల్సిందే. దూరం మాకు అలవాటే. అక్కడ ఏం చేస్తారో, ఎంతసేపు పడుతుందో, ఇంటి దగ్గర్నుంచి ఎలా బయల్దేరాలో ముందుగా చెప్పే నాథుడే లేడు.

ఈమధ్య ఒక ఆసుపత్రిలో మా పెద్దమ్మకు ఎండోస్కోపీకి, అంటే గొంతులోంచి కెమెరా గొట్టం పంపి కడుపు లోపల చూసే పరీక్షకి, తారీఖు ఇచ్చారు. చీటీ మీద టైము, గది నంబరు ఉన్నాయి గానీ కడుపు ఖాళీగా ఉండాలన్న మాట లేదు. షుగరు మనిషి కదా అని టెక్కలిలో బస్సు మారేటప్పుడు రెండు ఇడ్లీలు పెట్టించాం. లోపలికి పిలిచి, తిన్నదని తెలియగానే మరో తారీఖు వేసి పంపేశారు. 'ఆ ముక్క మొన్ననే చెప్పుంటే పస్తుండేదాన్ని కదా నాయనా' అంది పెద్దమ్మ. కౌంటర్లో కుర్రాడు తలెత్తలేదు.

ఎండోస్కోపీకి కనీసం 6 గంటలు ఏమీ తినకూడదు. ఆ పూట షుగరు మాత్ర, ఇన్సులిన్ సంగతి డాక్టరే చెప్పాలి. గొంతులో స్ప్రే కొడితే తిమ్మిరి పోయేదాకా మంచినీళ్లయినా తాగకూడదు. మత్తు ఇస్తే తోడు మనిషి ఉండాలి. కడుపు లోపలి నుంచి చిన్న ముక్క తీసి ల్యాబ్‌కు పంపారంటే చాలు, క్యాన్సరేనని ఇంటిల్లిపాదీ టెన్షన్ పడతారు. అల్సర్ తెచ్చే బాక్టీరియా ఉందేమో చూడటానికి కూడా తీస్తారని ఒక్క మాట చెబితే, రిపోర్టు వచ్చేదాకా వాళ్లకి నాలుగు మెతుకులు లోపలికి పోతాయి.

గుండె రక్తనాళాల్లో అడ్డుందేమో చూసే యాంజియోగ్రామ్ ఇంకో గొడవ. రోగి బల్ల మీద ఉండగా బయటున్న కొడుకు చేతికి స్టెంటు (నాళాన్ని తెరిచి ఉంచే చిన్న గొట్టం) వేయడానికి ఒప్పుకునే కాగితం ఇచ్చి సంతకం పెట్టమంటారు. ప్రాణం మీదికొస్తే తప్ప, పరీక్షకు ఇచ్చిన సమ్మతి చికిత్సకు చెల్లదని సుప్రీంకోర్టు 2008లో సమీరా కోహ్లీ కేసులోనే చెప్పింది. స్టెంటు అవసరం పడొచ్చనీ, పడితే ఎంతవుతుందనీ ముందురోజే కూర్చోబెట్టి చెప్పడానికి అడ్డేమిటి?

2025లో ఒడిశా కేంద్రం వారి ఉచిత వైద్య పథకం ఆయుష్మాన్ భారత్‌లో చేరాక, పక్కనున్న ఆంధ్రాలో పథకం వర్తించే ఆసుపత్రుల్లోనూ మన కార్డు చెల్లుతుందని సంతోషించాం. అయితే అది చేర్చుకొని చేసే వైద్యానికి. ఓపీలో రాసిన స్కాన్‌కు చేతి డబ్బే పెట్టుకోవాలి. ఆ సంగతి బిల్లు కట్టే చోట తెలిస్తే, నగలు తాకట్టు పెట్టడానికి మళ్లీ ఊరికి రావాలి.

మేమడిగేది కొత్త మిషను కాదు. తారీఖు చీటీ వెనక ఖాళీగానే ఉంటుంది. ఎన్ని గంటలు తినకూడదు, మందుల గురించి ఎవరిని అడగాలి, తోడు కావాలా, ఖర్చెంత, రిపోర్టు ఎప్పుడు, కార్డు చెల్లుతుందా అన్నవి అక్కడ ఒడియాలోనూ తెలుగులోనూ అచ్చు వేయించాలి. చదువు రానివాళ్లకు ముందురోజు ఫోన్ చేసి చెప్పాలి. గజపతి, శ్రీకాకుళం జిల్లాల ఆరోగ్యాధికారులు ఒకసారి కలిసి కూర్చుంటే అయ్యే పని ఇది. పర్లాకిమిడిలో రిఫర్ చేసేటప్పుడే ఆ కాగితం చేతిలో పెడితే మరీ మంచిది.

ఇట్లు,
ఒక పాఠకుడు,
పర్లాకిమిడి, గజపతి జిల్లా