మనిషి సముద్రంలో పడితే వెంటనే తెలిసే ఏర్పాటు కావాలి

విహార నౌకా సంస్థ ముఖ్య కార్యనిర్వహణాధికారి గారికి,

నమస్కారములు. విశాఖపట్నం నుండి మీ నౌకలో ప్రయాణించిన మేము పంపుకున్న వినతులకు సమాధానం రానందున ఈ లేఖను బహిరంగంగా రాస్తున్నాము.

అర్ధరాత్రి డెక్ మీద నుండి ఒకరు సముద్రంలో పడితే, మీ కెమెరాలు ఆ దృశ్యాన్ని నమోదు చేస్తాయే తప్ప ఎవరినీ హెచ్చరించవు. 18 నాట్ల (గంటకు సుమారు 33 కిలోమీటర్ల) వేగంతో సాగే నౌక పది నిమిషాల్లో అయిదున్నర కిలోమీటర్లు దాటిపోతుంది. తెల్లవారాక గది ఖాళీగా ఉందని గుర్తిస్తే ఎక్కడని వెతుకుతారు? ఇంటివారికి కడసారి చూపు కూడా దక్కదు.

శరీర వేడిని పసిగట్టే థర్మల్ కెమెరాలు, రాడార్ల సాయంతో పడిన క్షణంలోనే సిబ్బందిని హెచ్చరించి, ఆ స్థానాన్ని నమోదు చేసే వ్యవస్థలకు 2020లోనే అంతర్జాతీయ ప్రమాణాల సంస్థ (ఐఎస్‌వో) వారి 21195 ప్రమాణం వచ్చింది. పడినవారిని చిత్రీకరించే లేదా గుర్తించే సాంకేతికతను, అందుబాటులో ఉన్నంత మేరకు, అమెరికా 2010లో తెచ్చిన విహార నౌకల భద్రతా చట్టం తప్పనిసరి చేసింది. కొత్త వీడియో తెరలకూ, వైఫైకీ వెచ్చించగల సంస్థకు ఇది మోయలేని భారమని మేము అనుకోము.

మీ ప్రతి నౌకలో ఈ వ్యవస్థను ఎప్పటిలోగా అమర్చుతారో తేదీతో సహా లిఖితపూర్వకంగా ప్రకటించాలని, అంతవరకు రాత్రివేళ డెక్‌లపై కాపలా పెంచాలని కోరుతున్నాము. విశాఖ ప్రయాణాల్లో భద్రతా సూచనలను తెలుగులోనూ వినిపించగలరు.

ఇట్లు,
విశాఖ ప్రయాణికులు