ట్రంకు పెట్టెలో ఒక ఉత్తరం

లెస్టర్, ఇంగ్లండు,
31 ఆగస్టు 2025

బిడ్డా,

అమ్మ ఇప్పుడే నీ సాక్సులకు పేర్లు కుట్టడం ముగించింది. పన్నెండు జతలు, ఒక్కో సాక్సుకు ఒక్కో నేమ్ టేప్. వేలెడంత తెల్లటి గుడ్డ మీద ఎర్రదారంతో నీ పేరు. ఇస్త్రీ పెట్టెతో అంటించేవి కూడా దొరుకుతాయి కదా అంటే, నాలుగు ఉతుకులకు ఊడిపోతాయని వినలేదు. రెండు రోజులుగా కళ్లజోడు పెట్టుకుని సూది పట్టుకునే కూర్చుంది. మీ స్కూలువాళ్లు పంపిన సామాన్ల జాబితాలో మొదటి మాట ట్రంక్. అది చూడగానే నాకు 1987 గుర్తొచ్చింది. నన్ను గురుకులంలో చేర్చేటప్పుడు మా నాయన నల్లగొండలో ఒక రేకు పెట్టె కొని, దాని మూత మీద తెల్ల రంగుతో నా పేరు రాయించాడు.

అప్పటి సంగతి ఒకటి నీకెప్పుడూ చెప్పలేదు. హాస్టల్లో చేరిన మొదటి నెల చివర్లో నోటీసు బోర్డు మీద 'ఔటింగ్' అని రాశారు. నేను పల్లెటూరి బడిలో చదువుకుని వచ్చినవాణ్ణి, ఆ మాట నాకు తెలియదు. ఏదో ఆటల పోటీ అనుకున్నాను. పక్కవాణ్ణి అడగొచ్చు. అందరికీ తెలిసినట్టే ఉంది, నాకొక్కడికే తెలియదంటే నవ్వుతారని అడగలేదు. ముందురోజే వార్డెన్ సారు దగ్గర పాస్ రాయించుకుంటే తప్ప గేటు దాటనివ్వరట. ఆదివారం మా నాయన రెండు బస్సులు మారి, జామకాయల సంచితో వచ్చాడు. నా దగ్గర పాస్ లేదు. వాచ్‌మన్ బయటికి వదల్లేదు. గేటు ఊచల మధ్య నుంచే ఒక్కొక్క జామకాయ నాకు అందించాడు. పెద్దకాయలు ఊచల్లో పట్టలేదు. వాటిని తిరిగి సంచిలో వేసుకుని సాయంత్రం బస్సుకు వెళ్లిపోయాడు.

నువ్వు వెళ్లే బోర్డింగు బడిలో మాటలు అంతకంటే వింతగా ఉంటాయి. పోయిన సంవత్సరమంతా నేను ఆ మాటల వెంట పడి నేర్చుకున్నవి కొన్ని ఇందులో రాస్తున్నాను. తొమ్మిదేళ్లకు ఇక్కడికొచ్చిన దానివి, నీ ఇంగ్లిషు నాకంటే బాగుంటుంది. కానీ ఇవి నువ్వు ఇన్నాళ్లూ చదివిన ప్రభుత్వ బడిలో వాడే మాటలు కావు.

పోయిన వారం నానమ్మ ఫోన్‌లో, "పబ్లిక్ స్కూలంటే సర్కారు బడే కదా, ఫీజెందుకు?" అంది. ఆమె అడిగినదాంట్లో తప్పేం లేదు. ఇంగ్లండులో పబ్లిక్ స్కూలంటే ఫీజు కట్టి చదివే పాతకాలపు ప్రైవేటు బడి. ప్రభుత్వం నడిపించేది స్టేట్ స్కూల్. ఒకప్పుడు కలిగినవాళ్లు పిల్లలకు ఇంట్లోనే పంతులును పెట్టుకుని చదువు చెప్పించేవాళ్లు. అలా కాకుండా, ఏ ఊరి పిల్లలైనా ఫీజు కట్టి చేరగలిగే బడి కాబట్టి 'పబ్లిక్' అన్నారు. 1868లో పబ్లిక్ స్కూల్స్ చట్టమని ఒకటి చేశారు. అందులో ఉన్నవి ఏడే బడులు: ఈటన్, హారో, వించెస్టర్, వెస్ట్‌మినిస్టర్, రగ్బీ, చార్టర్‌హౌస్, ష్రూస్‌బరీ. మన హైదరాబాద్ పబ్లిక్ స్కూలు పేరులో ఉన్న పబ్లిక్ కూడా ఈ అర్థంలోనిదే. అది 1923లో జాగీర్దార్ల పిల్లల కోసం మొదలైన కాలేజీ. ఇప్పుడు ఇక్కడ ఎక్కువమంది వాడే మాట ఇండిపెండెంట్ స్కూల్. ఈ దేశంలో వందమంది పిల్లల్లో ఆరేడుగురే ఈ బడుల్లో చదువుతారు. బోర్డింగులో ఉండేవాళ్లు వాళ్లలో ఇంకా కొద్దిమంది.

ఒక్క సంగతి చదివి మాత్రం నేను చాలాసేపు ఆగిపోయాను. వించెస్టర్ కాలేజీని 1382లో స్థాపించింది 70 మంది పేద విద్యార్థుల కోసం. 1440లో ఆరో హెన్రీ రాజు ఈటన్‌ను పెట్టిందీ 70 మంది పేదపిల్లల కోసమే. మన దగ్గర 1971లో పీవీ నరసింహారావు గారి చొరవతో సర్వేలులో మొదటి గురుకులం పెట్టినప్పటి ఆలోచన కూడా అదే కదా: తెలివైన పేదపిల్లకు తిండి, చదువు, పడుకోవడానికి చోటు ఇస్తే చాలు అని. తర్వాత ఇక్కడి బడులు కలిగినవాళ్లవి అయిపోయాయని అందరికీ తెలుసు. అయినా, అక్కడ అడుగు పెట్టేటప్పుడు నువ్వు ఎవరి చోటులోనో దూరుతున్నట్టు అనుకోవద్దని ఇది రాస్తున్నాను. నీలాంటి పిల్లల కోసమే వాటి పునాదులు పడ్డాయి.

ఇక స్కాలర్‌షిప్, బర్సరీ. ఈ రెండు మాటల దగ్గర నేను చేసిన పొరపాటుకు నీ సీటే పోయేది. డిసెంబరులో నీకు అకడమిక్ స్కాలర్‌షిప్ వచ్చిందని ఉత్తరం వస్తే, ఆ రాత్రే పెదనాన్నకు ఫోన్ చేసి బిడ్డకు ఫీజు మాఫీ అయిందని చెప్పాను. మన దగ్గర స్కాలర్‌షిప్ అంటే అంతే కదా, డబ్బు వస్తుంది. మర్నాడు ఆఫీసులో లంచ్ టైములో ఆ ఉత్తరం మళ్లీ నిదానంగా చదివితే, ఫీజులో తగ్గేది 5 శాతం అని ఉంది. ఇక్కడ స్కాలర్‌షిప్ అనేది ముందుగా గౌరవం. చదువుకో, సంగీతానికో, ఆటలకో ఇస్తారు, దాంతోపాటు వచ్చే డబ్బు చాలాచోట్ల కొంచెమే. నిజంగా ఫీజు తగ్గించేది బర్సరీ. అది తెలివిని చూసి కాదు, ఇంటి ఆదాయాన్ని చూసి ఇస్తారు. దానికి వేరే దరఖాస్తు, వేరే గడువు. అప్పటికి గడువు తొమ్మిది రోజులే మిగిలి ఉంది.

ఆ తొమ్మిది రోజులు ఇంట్లో ఎంత టెన్షనో నువ్వు చూశావు, ఎందుకో మాత్రం నీకు చెప్పలేదు. నా జీతం స్లిప్పులు, అమ్మవి, బ్యాంకు స్టేట్‌మెంట్లు, ఇంటి లోను కాగితాలు, ఊళ్లో ఉన్న రెండెకరాల పాస్‌బుక్కు కూడా అడిగారు. దీన్నే మీన్స్ టెస్ట్ అంటారు. చిన్నాన్న పాస్‌బుక్కు పేజీలు ఫోటో తీసి వాట్సాప్‌లో పెడితే, నేను రాత్రి కూర్చుని వాటిని ఇంగ్లిషులో రాశాను. పైగా ఈ జనవరి నుంచి ఇక్కడి ప్రైవేటు బడుల ఫీజు మీద 20 శాతం వ్యాట్ పడుతోంది. బర్సరీ రాకపోతే మనవల్ల అయ్యేది కాదు, ఇంట్లో ఏది అమ్ముకున్నా. ప్రతి సంవత్సరం మన ఆదాయం మళ్లీ చూస్తారు, ప్రతి సంవత్సరం నేను మళ్లీ కాగితాలు పంపుతాను. అది నా పని, నువ్వు దాని గురించి ఆలోచించకు. ఎవరైనా అడిగితే బర్సరీ మీద చదువుతున్నానని మామూలుగా చెప్పు. నేను గురుకులంలో చదివానని ఇవాళ్టికీ ఎంత గర్వంగా చెప్పుకుంటానో నీకు తెలుసు. బర్సర్ అనే ఆమె కనిపిస్తే నమస్కారం చెప్పు. డబ్బు లెక్కలు చూసే అధికారి ఆమె. లాటిన్‌లో బర్స అంటే సంచి, ఆ పేరు అక్కణ్నుంచి వచ్చింది. నా ఫోన్లు ఓపికగా ఎత్తిన మనిషి.

నిన్ను చేర్చుకునేది లోయర్ సిక్స్త్‌లో. అంటే ఇయర్ 12, మన ఇంటర్ ఫస్టియర్. నానమ్మకు ఇంటర్ అనే చెప్పాను, వెంటనే అర్థమైంది. తరగతుల పేర్లు మాత్రం ఒక్కో బడిలో ఒక్కో రకం. హారోలో షెల్ అంటే ఇయర్ 9, రిమూవ్ అంటే ఇయర్ 10. వెస్ట్‌మినిస్టర్‌లో షెల్ అంటే ఇయర్ 10, 11. అక్కడ రిమూవ్ అంటే ఆఖరి సంవత్సరం. ఈటన్‌లో టర్ముకు పేరు హాఫ్, అవి ఏడాదికి మూడు! మూడు సగాలు ఎలా అవుతాయని నువ్వు అడుగుతావని తెలుసు, అక్కడ అంతే. కాబట్టి వేరే బడి నుంచి వచ్చిన పిల్లకు కూడా నీ బడి మాటలు కొత్తే. మీ దగ్గర సెప్టెంబరులో మొదలయ్యేది మికల్మస్ టర్మ్. సెప్టెంబరు 29న వచ్చే సెయింట్ మైకేల్ పండుగ పేరది. ఆ తర్వాతది లెంట్.

ప్రెప్ అంటే సాయంత్రం అందరూ కూర్చుని చదువుకునే సమయం, మా స్టడీ అవర్. ప్రెప్ స్కూల్ వేరే: పదమూడేళ్ల లోపు పిల్లలు చదివే ప్రైవేటు బడి. అమెరికాలో మళ్లీ ఇంకోలా. న్యూజెర్సీలో ఉన్న మీ అత్తమ్మకు ప్రెప్ స్కూల్ అంటే కాలేజీకి తయారుచేసే హైస్కూలు. మొన్న ఫోన్‌లో ఆమె ఒకటి చెబుతుంటే నేనొకటి విన్నాను.

హైదరాబాద్‌లో నీ చిన్నప్పటి బడిలో హౌస్ అంటే స్పోర్ట్స్ డే నాడు వేసుకునే రంగు టీ షర్టు. నీది పచ్చ. ఇక్కడ హౌస్ అంటే నిజంగా నువ్వుండే ఇల్లు. దాని పెద్ద హౌస్‌మిస్ట్రెస్. ఆమె కుటుంబం కూడా అక్కడే ఉంటుంది. మేట్రన్ బట్టలు, మందులు, జ్వరాలు చూసుకుంటుంది. శాన్ అంటే జబ్బుచేస్తే పడుకోబెట్టే చోటు. చదువు ఎలా సాగుతోందో కనిపెట్టి ఉండేది ట్యూటర్. అంటే మన ట్యూషన్ సారు కాదు, డబ్బులివ్వక్కర్లేదు. రాత్రి నిద్ర పట్టకపోయినా, ఎవరైనా నొప్పించే మాటన్నా, ముందు మేట్రన్ దగ్గరికి వెళ్లు. మాకు ఆ తర్వాత చెప్పినా ఫర్వాలేదు.

మఫ్టీ డే అని విన్నప్పుడు భయపడకు. మన పేపర్లో 'మఫ్టీలో పోలీసులు' అని రాస్తారు చూడు, ఆ మఫ్టీయే. యూనిఫాం లేకుండా సొంత బట్టలు వేసుకునే రోజు. గేటింగ్ అంటే శిక్షగా బయటికి వెళ్లనివ్వకపోవడం. ఆ మాట నీకు అవసరం పడకూడదు.

టక్ అంటే చిరుతిండి. మురుకులు, సకినాలు రెండు డబ్బాలు పెట్టాం. పల్లిపట్టీలు అమ్మ చేసింది కానీ, పల్లీలున్నవేవీ తేవద్దని జాబితాలో గట్టిగా రాశారు. ఎవరికైనా అలర్జీ ఉంటే ప్రాణం మీదికి వస్తుందట. అందుకని అవి ఇంట్లోనే ఉన్నాయి, నువ్వొచ్చాక తిందువు.

ఇక మిగిలింది ఎగ్జియట్. లాటిన్ మాట, 'బయటికి వెళ్లనివ్వండి' అని అర్థం. ఆ వారాంతం పిల్లలు ఇళ్లకు వెళ్తారు. మా ఔటింగే. మీది అక్టోబరు మొదటి శుక్రవారం నుంచి. హాఫ్ టర్మ్ సెలవులు వేరు, వాటికింకా టైముంది. నాలుగు రోజుల ముందే హౌస్‌మిస్ట్రెస్‌కు రాసి పంపాలని హ్యాండ్‌బుక్‌లో ఉంది, నేను నిన్న రాత్రే పంపాను. మీ గదిలో ఉండే అమ్మాయి లాగోస్ నుంచి వస్తోందన్నావు. విదేశీ పిల్లలు ఆ రెండు రోజులు గార్డియన్ ఇంటికి వెళ్తారు. ఆమెకు ఇష్టమైతే మనింటికే రమ్మను. వాళ్ల అమ్మానాన్నలు స్కూలుకు ఒక మెయిల్ పెట్టాలి, అది ఎలా పెట్టాలో కూడా కనుక్కున్నాను. అమ్మ పులిహోర చేస్తానంది.

శుక్రవారం సాయంత్రం నాలుగింటికల్లా గేటు దగ్గర ఉంటాను. బజారులో జామకాయలు దొరికితే తెస్తాను.

నాన్న