సంగమేశ్వరం యాత్ర: సీట్లు రాసుకునే ముందు నిరుటి సంగతి

మా రావులపాలెం మినీ బస్సులో యాత్రలకు వచ్చే అందరికీ నమస్కారం.

ఎగువన వానలు ముఖం చాటేయడంతో శ్రీశైలం జలాశయం అడుగంటుతోంది. ఆ నీళ్లలో మునిగి ఉండే సంగమేశ్వరుని గుడి శిఖరం బయటపడిందని ఆత్మకూరులో మనకు భోజనాలు వండిపెట్టే ఆవిడ మొన్న ఫోను చేసి చెప్పారు. అప్పటినుంచి సీట్ల కోసం నాకు ఫోన్లు ఆగడం లేదు. డబ్బు తీసుకునే ముందు నిరుటి సంగతి ఒకటి ఒప్పుకోవాలి.

నిరుడు వేసవిలో ‘నీట మునిగిన గుడి దర్శనం’ అని కరపత్రం వేసి 22 మందిని పోగుచేశాను. గుడి ఇంకా నీళ్లలోనే ఉందని బయలుదేరే ముందు రోజు ఆవిడే చెప్పారు. అప్పటికే డీజిలు పోయించాను, సరుకులు కొన్నాను. యాత్ర ఆపడానికి మనసొప్పలేదు. అందరినీ అలంపురం తీసుకువెళ్లి, అక్కడి కూడవెల్లి సంగమేశ్వరాలయం చూపించి ‘ఇదేనండీ సంగమేశ్వరం’ అన్నాను. పేరు అబద్ధం కాదు. శ్రీశైలం డ్యాం ముంపు తప్పించడానికి, కృష్ణా తుంగభద్రలు కలిసేచోటి నుంచి రాయి రాయి విప్పి తెచ్చి మళ్లీ నిలబెట్టిన చాళుక్యుల నాటి గుడి అది. మీరు డబ్బు కట్టింది మాత్రం నంద్యాల జిల్లాలో, ఎవరూ తరలించక నీళ్లపాలైన గుడి కోసం.

అందరూ దండం పెట్టుకున్నారు, ఫొటోలు తీసుకున్నారు. ముక్కామల మామ్మగారు ఒక్కరే గోడను అరచేత్తో తడిమి, ‘నాయనా, ఏటా మునిగే గుడికి ఒక్క నీటి చార లేదేమిటి?’ అని అడిగారు. పాచి కడిగించారని చెప్పాను. ఆవిడ నా మొహంలోకి ఓసారి చూసి బస్సెక్కేశారు.

అసలు గుడికి చారలు కాదు, ఒళ్లంతా ఒండ్రే. జలాశయం 885 అడుగుల నిండు మట్టం నుంచి నీళ్లు బాగా కిందికి దిగితే తప్ప అది కనిపించదు. ధర్మరాజు ప్రతిష్ఠించాడని చెప్పుకునే వేపమాను లింగం ఇన్నేళ్ల నీటికీ చెక్కుచెదరలేదని అక్కడివారి నమ్మకం. నేను మొదటిసారి వెళ్లినప్పుడు కాలు మోకాలి దాకా దిగబడింది. మన లంకల్లో ఒండ్రులాగే మెత్తన, ఆరిన చోట పెంకుల్లా పగుళ్లు. కాస్త దూరంలో ఇళ్ల పునాదులు, ఒక రోలు. రోలు పక్కన ఒక పెద్దాయన కూర్చుని ఉన్నారు. ‘మాదే’ అన్నారు. రోలా, ఇల్లా అని నేను అడగలేదు. ఆ డ్యాం కింద దాదాపు వంద ఊళ్లు పోయాయి.

మనకు వేసవిలో కాలువలు కట్టేసిన కొన్నాళ్లకే చెరువులు చూసి బెంగ పుడుతుంది. అక్కడ నీళ్లు ఇంతగా దిగాయంటే ఎందరివో చేలు ఎండినట్టు. నా బస్సు నిండేది సరిగ్గా అప్పుడే. కరపత్రంలో వేసే మాట కాదు గాని, తెలియనట్టు ఉండలేను.

ఈసారి తేదీ ముందే ప్రకటించను. గుడి ప్రాంగణంలో నడవవచ్చని రూఢి చేసుకున్నాక, మూడు రోజుల ముందు ఫోను చేస్తాను. బయానా 500 రూపాయలు; గుడి చూపించలేకపోతే మొత్తం వెనక్కి ఇస్తాను. వరద వచ్చిందంటే గుడి మళ్లీ మునుగుతుంది, ఆ తరువాత ఈ ఏటికి యాత్ర లేనట్టే. నిరుడు వచ్చినవారికి సగం టిక్కెట్టు చాలు. ఊరికే తీసుకువెళ్లాలనే ఉంది, బస్సు అప్పు వాయిదాలు ఒప్పుకోవడం లేదు. దారిలో అలంపురం కూడా చూస్తాం, దాని పేరు దానికే ఉంచి.

పాత చెప్పులు తెచ్చుకోండి. ఒండ్రులో ఒకటి పోయాక రెండోది ఉన్నా దండగే. డ్రైవరు వెనుక కిటికీ సీటు మాత్రం అడగవద్దు. అది మామ్మగారి పేరున రాసిపెట్టాను. వస్తానని ఆవిడ ఇంకా అనలేదు.